ఉంది గానీ తీయరాదు

బ్యాంకు లెక్క తప్పదు. తప్పేదల్లా మన లెక్కే. ఖాతాలో డబ్బు ఒకటే ఉంటుందని మన భ్రమ. అక్కడ ఉండేవి రెండు: ఖాతాలో ఉన్న డబ్బు, మనం వాడుకోగల డబ్బు. మొదటిదాన్ని చూసి సంతోషించాలి, రెండోదాన్ని చూసి ఖర్చు పెట్టాలి.

నిన్న వేసిన చెక్కు ఇంకా క్లియర్ కాలేదా? అది మొదటి లెక్కలో ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఐపీవోకి దరఖాస్తు పెట్టారా? షేర్ల సంగతి తేలేదాకా ఆ సొమ్ము మీ ఖాతాలోనే ఉంటుంది, వడ్డీ కూడా మీదే. కాకపోతే నైవేద్యానికి పెట్టిన గారెల్లాంటిది: కళ్లముందే ఉంటుంది, గంట కొట్టేదాకా చెయ్యి వెయ్యకూడదు.

ఇక పాస్‌బుక్. ఎంట్రీలు వేయించుకుందామని వెళ్తే మెషీన్ పనిచెయ్యదు. పనిచేసిన రోజు అది అచ్చేసే భాష ఏ బడిలోనూ చెప్పరు. మొన్న కౌంటర్ దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు అడుగుతున్నారు.

"ఈ 17 రూపాయల 70 పైసలేంటమ్మా?"

"ఎస్సెమ్మెస్ చార్జీ మాస్టారూ. మూణ్ణెల్లకి 15, ఆపైన 18 శాతం జీఎస్టీ."

"నాకేం మెసేజులొచ్చాయని?"

"డబ్బులు కట్ అయ్యాయని వచ్చాయి కదండీ!"

మే నెలాఖరులో 436 రూపాయలు, దాని పక్కనే మరో 20 పోతే మాత్రం దొంగలు పడ్డారని కంగారుపడకండి. మొదటిది జీవన్ జ్యోతి, రెండోది సురక్షా బీమా. వేలు పెట్టి చూపించిన చోటల్లా మనం చేసిన సంతకాల్లో వీటివీ ఉండుంటాయి. జీవన్ జ్యోతిలో ఎలా పోయినా, సురక్షలో ప్రమాదంలో పోతే, రెండేసి లక్షలు. కట్టేవాడికి కడుతున్నట్టు తెలియదు, పోయాక వస్తుందని ఇంట్లోవాళ్లకి తెలియదు. (ఈ ఒక్క ముక్క ఇవాళే ఇంట్లో చెప్పండి. ఇది వ్యంగ్యం కాదు.)

డబ్బు లేనందుకు పడే చార్జీ అన్నిటికన్నా ఘనమైనది. ఈఎంఐకి వంద తక్కువైందనుకోండి. ఆ వంద లేనివాడి దగ్గర కొన్ని బ్యాంకులు 250, జీఎస్టీతో కలిపి 295 వసూలు చేస్తాయి. ఎక్కణ్ణుంచి? లేదుగా! అందుకని ఓపిగ్గా ఆగుతాయి. ఒకటో తారీఖున జీతం పడగానే ముందు తమ వాటా తీసేసుకుంటాయి. మనం వెళ్లి ఆఫీసులో అకౌంట్స్ గుమస్తాతో పోట్లాడతాం.

వడ్డీ సంగతంటారా? వెనకటికి పదో తేదీకీ నెలాఖరుకీ మధ్య ఏ రోజు నిల్వ మరీ తక్కువుంటే దానిమీదే ఆ నెల వడ్డీ కట్టేవాళ్లు. 2010 ఏప్రిల్ నుంచి, రిజర్వు బ్యాంకు పుణ్యమా అని, ఏ రోజు నిల్వకి ఆ రోజే లెక్క. అలా పదివేలు ఏడాదిపాటు కదపకుండా ఉంచితే, రెండున్నర శాతం చొప్పున 250 రూపాయలు చేతికొస్తాయి.

అదే పదివేలు ఏటీఎంలో తియ్యబోతే నోట్లు రాకుండా ఖాతాలో మాత్రం తగ్గిపోయాయనుకోండి. ఐదు రోజుల్లో తిరిగి వెయ్యకపోతే, ఆరో రోజు నుంచి రోజుకు వంద రూపాయలు, అదీ మనం అడక్కుండానే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో చెప్పింది. మూడు రోజులు ఆలస్యమైతే ఏడాది వడ్డీ దాటిపోయినట్టే! ఇంతకన్నా లాభసాటి డిపాజిట్ ఏ బ్రాంచిలోనూ దొరకదు. అందుకేనేమో, దీనికి మాత్రం గోడమీద పోస్టరుండదు.