కొత్తదనమేముంది?

మా బావగారు లాయరంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. గట్టు తగాదా తీసుకెళితే "అది సివిల్" అంటారు. బెయిలు సంగతి ఎత్తితే "అది క్రిమినల్" అంటారు. పోనీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివారు కదా అని జ్వరానికి మాత్ర అడిగితే, ఆ మాత్ర గురించి ఏ కంపెనీ ఏ కంపెనీ మీద దావా వేసిందో చెబుతారు. జ్వరం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆయనవి మందుల పేటెంటు కేసులు. కాపురం హైదరాబాదులో, వాదన ఢిల్లీ హైకోర్టులో. 1970 చట్టం పేరెత్తితే చేతులు జోడిస్తారు. అది మందుకు పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికే ఇచ్చింది. వేరే పద్ధతి కనిపెట్టుకుని అదే మందు చేసుకోవచ్చు. జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు ఆ నీడలోనే పెరిగాయి. 2005లో మందుకే పేటెంటు వచ్చింది. అప్పటినుంచి బావగారికి చేతినిండా పని.

పేటెంటు పడగొట్టడానికి ఒక దారి, ఆ సంగతి లోకానికి ముందే తెలుసని చూపడం. వాళ్ల భాషలో ప్రయర్ ఆర్ట్. దానికోసం ఎప్పటివో పాత జర్నళ్లు తవ్వుతారు. ఈ పేటెంటు బుద్ధి ఆఫీసుతో ఆగితే బాగుండేది. పెళ్లి భోజనాల్లోనూ మొదటి బంతిలో మొదటి విస్తరి ఆయనదే. అమెరికాలో పేటెంటును ముందుగా సవాలు చేసిన జెనరిక్ కంపెనీకి 180 రోజులు మిగతా జెనరిక్‌ల పోటీ ఉండదట. "ముందు వెళ్లినవాడిదేరా గారె" అంటారు.

ఒక ఆదివారం అక్క ఎమ్మెల్యే పెసరట్టు వేసింది.

"ఇందులో కొత్తదనమేముంది? తెలిసిన పెసరట్టు, తెలిసిన ఉప్మా. సెక్షన్ 3(డి)!" అన్నారు. తెలిసిన పదార్థానికి కొత్త రూపమిస్తే చాలదట, గుణం పెరగాలట. "గ్లీవెక్ అనే క్యాన్సర్ మందు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చేసింది. కొత్త స్ఫటిక రూపం ఒంటికి 30 శాతం ఎక్కువ పడుతుందని నోవార్టిస్ కంపెనీ చెప్పుకుంది. పడితే సరా, రోగం ఎక్కువ నయమవుతుందా అంది కోర్టు. అలాగే రుచి లెక్కలోకి రాదురా. ఆకలి ఎక్కువ తీరుతుందా?" అంటూ మూడోది వేయించుకున్నారు.

మరుసటి ఆదివారం అదే పెసరట్టు. ఈసారి కళ్లు మూసుకుని, "అబ్బ! అల్లం ముక్క ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఈ ఆలోచన ఇంకెవరికి తడుతుంది!" అన్నారు. నేను తెల్లబోయాను. అక్క మాత్రం నిమ్మళంగా చట్నీ వడ్డించింది.

"ఈ వారం విదేశీ కంపెనీ తరఫులే" అంది.

అప్పటినుంచి చూస్తున్నాను. పప్పు నానబోసే ముందు అక్క అడిగే ప్రశ్న ఒకటే: "రేపు ఎవరి తరఫు?"

మొన్న పెళ్లిరోజుకు బావగారు పట్టుచీర తెచ్చారు. అక్క మాట్లాడకుండా బీరువా తెరిచి, నాలుగేళ్ల కిందటి చీర తెచ్చి పక్కన పరిచింది. అదే రంగు, అదే అంచు.

బావగారు గొంతు సవరించుకున్నారు. "సరిగ్గా చూడు. అందులో మామిడిపిందె కుడివైపు వంగింది. ఇందులో ఎడమవైపు. ఇది కొత్త రూపం."

"చలి ఎక్కువ ఆపుతుందా?" అంది అక్క.

బావగారు నా వైపు చూశారు, గోడ వైపు చూశారు. చివరికి ఏ తరఫు లాయరైనా అడిగేదే అడిగారు.

"వాయిదా."