మెడలో డీఎస్ఎల్ఆర్, డయల్ ఆటోలో!

బొర్రా గుహల దగ్గర ఏ ఆదివారమైనా కనిపించే దృశ్యమే. మెడలో డీఎస్ఎల్ఆర్, భుజాన దాని సంచి. డయల్ మాత్రం కొన్న రోజు నుంచీ ఆటో మీదే కాపురం!

సెన్సర్ పెద్దదంటూ దాన్ని అమ్మిన షాపువాడి వాదనలో తప్పేం లేదు. కానన్ 1500డి సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, మామూలు కాంపాక్టు కెమెరాది 6 చిల్లర. వైశాల్యంలో పది రెట్లకు పైమాటే. చీకట్లో ఫొటో నాణ్యంగా వస్తుంది, నిజమే. కానీ వెలుతురు లోపలికి రావాలంటే లెన్సు నోరు తెరవాలిగా? పెట్టెతో వచ్చే 18-55 లెన్సు ఎఫ్ 3.5తో మొదలై, జూమ్ చేస్తే 5.6కు ముడుచుకుంటుంది. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 కాంపాక్టు జేబులో పడుతుంది, ఎఫ్ 1.8తో మొదలవుతుంది.

మరి రెండో లెన్సు? వచ్చే జీతానికట. వచ్చే జీతంలో కెమెరా ఈఎంఐ ఉంది.

ఇంతా చేసి ఆ 24 మెగాపిక్సెళ్ల ఫొటో చేరేది కుటుంబం వాట్సాప్ గ్రూపుకే. అక్కడ అది చిక్కి సగమయ్యాక పిన్ని మెచ్చుకోలు: ‘‘కొత్త ఫోనా నాన్నా, బాగా పడింది!’’

లెన్సు మార్చే ఉద్దేశం, డయల్ తిప్పే ఓపిక లేని బాబులూ, కాంపాక్టే కొనుక్కోండి. ఆ 1500డి బాడీ ఒక్కటే బ్యాటరీతో కలిపి 475 గ్రాములు, లెన్సు బరువు అదనం.