అమ్మిన సరుకు సూత్రాలకు టీకా తాత్పర్యం

మూలం:
నమ్మకమే మా పెట్టుబడి.
మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు.
అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

అవతారిక: ఈ త్రిసూత్రి మా ఊళ్లో మిక్సీలూ ఫ్యాన్లూ అమ్మే ఒక దుకాణం వారి బిల్లు మీద ఉంది. మొదటి సూత్రం బిల్లు నెత్తిన, వినాయకుడి బొమ్మ కింద, ఎర్ర సిరాలో, బొద్దుగా. రెండోది దాని కిందే. మూడోది అట్టడుగున, సంతకం చేసే చోటు పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో. గ్రంథకర్త ఎవరో తెలియదు. ఏ వీధి దుకాణంలో చూసినా దాదాపు ఇదే పాఠం. దీన్ని చదవడానికి అధికారి ఎవరంటే, ఇంట్లో మిక్సీ కారుతున్నవాడు. ప్రయోజనం ఇంతవరకూ కనబడలేదు.

మల్లినాథ సూరిది కొలిచెలమ, అంటే ఇవాళ్టి మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసి, తర్వాతి వ్యాఖ్యాతలందరినీ ఇరుకున పెట్టాడాయన. ప్రతిజ్ఞలో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం కాళిదాసుకు వ్యాఖ్య రాసేవాడికి కుదురుతుందేమో గానీ, మిక్సీ బిల్లుకు రాసేవాడికి కుదరదు.

ప్రథమ సూత్రం: పదాలు తేలికే, వదిలేస్తున్నాను. ఒక్క ఆకాంక్ష మాత్రం మిగిలింది. పెట్టుబడి వాళ్లది, సరే. నమ్మకం ఎవరిది? తనను తాను నమ్ముకోవడానికి ఎవడూ బిల్లు పుస్తకం అచ్చువేయించడు. కనుక అది కొనేవాడిది, అంటే నాది. నా నమ్మకం వాళ్ల పెట్టుబడి. పెట్టుబడి పెట్టినవాడికి లాభంలో వాటా రావాలి కదా అని పూర్వపక్షం. వస్తుంది, సంక్రాంతికి ముందు గోడ క్యాలెండరుగా వస్తుందని సిద్ధాంతం.

ఇక్కడ ప్రామాణ్యవాదం ఎత్తుకోక తప్పదు. నిజానికి తప్పుతుంది, కానీ నాకిష్టం. మండనమిశ్రుడి ఇల్లెక్కడని ఆదిశంకరులు అడిగితే, ఏ గుమ్మంలో పంజరపు చిలకలు ‘ప్రామాణ్యం స్వతహా? పరతహా?’ అని వాదులాడుకుంటుంటాయో అదే ఆయన ఇల్లని నీళ్లకొచ్చిన ఆడవాళ్లు చెప్పారట. చిలకల తగువు ఇదీ. మీమాంసకుడి లెక్కలో జ్ఞానం తనంతట తానే ప్రమాణం. తప్పని తేలేదాకా దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నైయాయికుడు ఒప్పుకోడు. దూరాన నీళ్లు కనబడితే చాలదు. నడిచి వెళ్లాలి, దోసిట పట్టాలి, దాహం తీరాలి. అప్పుడే అవి నీళ్లు, లేకపోతే ఎండమావి. మీమాంసకుడు ఊరుకోడు: మొదటి జ్ఞానాన్ని పరీక్షించడానికి రెండోది కావాలంటే, ఆ రెండోదాన్ని పరీక్షించేదేది? మూడోది. దాన్ని? ఇది అనవస్థ, ఎక్కడా ఆగదు. దాహం తీరినట్టు కలలో అనిపించదా ఏం? దీనికి నైయాయికులిచ్చిన జవాబులతో గ్రంథాలే నిండాయి. మిథిలలో గంగేశుడు తత్త్వచింతామణి మొదట్లోనే ఈ తగువు ఎత్తుకున్నాడు. మన మల్లినాథుడూ ఊరికే కావ్యాలు నమిలి కూర్చున్నవాడు కాదు, వరదరాజు తార్కికరక్షకు నిష్కంటక అని టీక రాశాడు. నాకు నైయాయికుల పక్షమే రుచి. రాత్రి పొద్దుపోయేదాకా దీని మీద రాయగలను గానీ, అల్లం వెల్లుల్లి వాసన కొడుతోంది.

మిక్సీ. కొన్న వారంలోనే జారు అడుగునుంచి కారి మోటారులోకి దిగింది. తీసుకెళ్లాను.

కౌంటరు వెనక కూర్చున్నాయన నా విషయంలో కరడుగట్టిన నైయాయికుడు. ఐదు వందల నోటిస్తే ట్యూబులైటు కేసి ఎత్తి గాంధీగారి నీడ వెతుకుతాడు, అంచున గీతలు బొటనవేలితో తడుముతాడు. ఫోనులో పచ్చటిక్కు చూపించినా కుదరదు. కౌంటరు మీది డబ్బా ‘రూపాయలు అందాయి’ అని పలికితేగానీ సంచీ చేతికివ్వడు. మండనమిశ్రుడి చిలక ఇన్నాళ్లకు ఒక పక్షానికి కట్టుబడింది. తన మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన మీమాంసకుడు. ఎర్ర సిరాలో ఉంది కనుక నమ్మాలి.

ద్వితీయ సూత్రం: స్పష్టం. ఒక్కటి చాలు.

తృతీయ సూత్రం: ‘తీసుకోబడదు’. కర్మణి ప్రయోగం, కర్త లేడు. వేదం ఎవరూ రాసింది కాదు కనుక దానికి పురుషదోషం అంటదంటారు మీమాంసకులు. ఇక్కడి యుక్తీ అదే. ‘నేను తీసుకోను’ అంటే ఎందుకు తీసుకోవయ్యా అని అడగొచ్చు. తీసుకోబడదన్నదాన్ని ఎవరిని అడుగుతాం? కుర్రాడిని అడిగితే ‘మాది అమ్మకం వరకే సార్, కంపెనీ సర్వీసుకెళ్లండి’ అన్నాడు. యజమానిని అడిగితే బిల్లు మడత విప్పి, అడుగు పంక్తి మీద వేలు పెట్టి, ‘రాసే ఉంది కదండీ’ అన్నాడు. అదే కాగితం. వేలికి జానెడు పైన నమ్మకం, ఎర్రగా.

శ్రుతికీ స్మృతికీ విరోధమొస్తే శ్రుతిదే పైచేయి. బిల్లు స్మృతి, పార్లమెంటు శ్రుతి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, రెండో సెక్షన్, 47వ క్లాజు: లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మి బిల్లు ఇవ్వకపోవడమూ అందులోనే ఉంది. ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయొచ్చు. ఇదంతా వినయంగానే విన్నవించాను. ఆయన నొచ్చుకున్నాడు. ‘మీ నాన్నగారి కాలం నుంచీ మన షాపుకే వస్తున్నారు, మన మధ్య చట్టాలేంటండీ?’ అన్నాడు. మూడో సూత్రం చూపించినప్పుడు నాన్నగారు గుర్తురాలేదు.

చివరికి జారు కింద వాషరు మార్పించి, నూట ఇరవై రూపాయలు పుచ్చుకున్నాడు. డబ్బా పలికేదాకా ఆగాడు. వాషరుకు బిల్లు రాయమన్నాను.

‘ఇంత చిన్నదానికి బిల్లెందుకండీ, మా మీద నమ్మకం లేదా?’