రాజపాళయంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడం ఎలా?

ముందుగా చలి ఎక్కడుందో కనిపెట్టాలి. మొత్తం పనిలో కష్టమైనది ఇదే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తమిళనాడులోని మన ఊళ్ళో పాదరసం ఇరవైకి అటూ ఇటూ తచ్చాడి, ఎనిమిదయ్యేసరికి సిగ్గుపడి పైకెక్కిపోతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకు కిందికో దిగితే గాని వాతావరణ శాఖ శీతగాలుల మాటే ఎత్తదు. అంటే మనకింకా పది డిగ్రీలు బాకీ.

అమెరికాలో గ్యాసు కంపెనీలు ఇంకో లెక్క కడతాయి. రోజు సగటు 65 ఫారన్‌హీట్‌కి, అంటే మన 18 డిగ్రీల చిల్లరకి, ఎంత తగ్గితే ఆ రోజు ఇల్లు వెచ్చబెట్టడానికి అంత ఖర్చని. చలికాలం మెత్తగా నడిస్తే ఆ మొత్తం తగ్గి అక్కడివాళ్ళ బిల్లు తేలికవుతుంది. అదే లెక్క రాజపాళయానికి కడితే సున్నా వస్తుంది. సున్నా చూసి నీరసపడకండి, అది పనికొచ్చే అంకె. మినియాపోలిస్ నుంచి కొడుకు ఫోన్ చేసినప్పుడు ఇలా వాడుకోవాలి.

“అమ్మా, ఇక్కడ మైనస్ పదిహేను.”

“ఇక్కడ సున్నా నాయనా. రగ్గు కప్పుకున్నా ఆగట్లేదు.”

ఏ సున్నానో చెప్పనక్కర్లేదు.

చలి ఉందని తేల్చుకున్నాక హీటర్ సంగతి. కొనకండి, నెత్తిమీదే ఉంది. నూలుతో, సిమెంటుతో పైకొచ్చిన ఊరు మనది. 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన పి.ఏ.సి. రామసామి రాజా పేరు మీదే విరుదునగర్ పక్కన ఆర్.ఆర్. నగర్ వెలిసింది, అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. పెంకుటిళ్ళు తీసేసి ఐదంగుళాల స్లాబు పోసుకున్న ప్రతి కుటుంబం తెలియకుండానే సెంట్రల్ హీటింగ్ పెట్టించుకుంది. పగలల్లా మింగిన ఎండని ఆ స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి కక్కుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో ఇందుకే దాన్ని తిట్టాం. తై నెల మంచు నేలని తొలుస్తుంది, మాసి నెల మంచు మిద్దెని తొలుస్తుంది అని అరవవాళ్ళ సామెత. ఈశాన్య రుతుపవనం తప్పుకుని ఆకాశం తేటపడ్డాక స్లాబు తన వేడిని పైకి కూడా వదిలేసుకుంటుంది కాబట్టి సామెతలో నిజం లేకపోలేదు. ఆ తొలిచేది తెల్లవారుజామున ఒక రెండు గంటలసేపే. సామెతలకి గడియారం ఉండదు.

తర్వాత కిటికీలన్నీ మూసేయండి. నెత్తిన మంచు పడితే జలుబు చేస్తుందని నాయనమ్మ చెప్పింది, ఆవిడ మాట కాదనగల డాక్టరు ఈ తాలూకాలో లేడు. నిద్రపోయే మనిషి ఒంటినుంచి సుమారు 70, 80 వాట్ల వేడి వస్తుంది. మూసిన గదిలో నలుగురు పడుకుంటే మూడు వందల వాట్ల హీటర్, కరెంటు బిల్లు లేకుండా. మెడదాకా రగ్గు కప్పుకోండి. ఉక్కపోస్తే ఫ్యాను ఐదులో పెట్టండి. ఫ్యాను దోమల కోసం, రగ్గు ఫ్యాను కోసం. ఏసీ ఉన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. బయట 21 ఉన్న వేళ ఆ పెట్టెకి చేయాల్సిన పనేమీ కనబడదు. దాన్ని 20కి దించి, తెల్లారి పాలప్యాకెట్టు కోసం వీధిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం మంకీ క్యాప్ పెట్టుకోవాలి. లోపలి చలి మనం కొనుక్కున్నది, బయటిది ఊరికే మీద పడేది. రెండింటికీ మర్యాద ఒకటి కాదు.

గీజర్ విషయంలో లెక్క తెలిసి ఉండటం మంచిది, తెలిసినా పట్టించుకోకపోవడం ఇంకా మంచిది. మన ట్యాంకు నీళ్ళు ఈ కాలంలోనూ 26 డిగ్రీల దగ్గరుంటాయనుకుందాం. పదిహేను లీటర్లని 40కి తేవడానికి పావు యూనిట్, రెండు కిలోవాట్ల గీజర్‌కి ఏడెనిమిది నిమిషాలు. ఢిల్లీలో 12 డిగ్రీల నీళ్ళకి దీనికి రెట్టింపు కావాలి. మీరు మాత్రం ఐదింటికి స్విచ్ వేసి, కాఫీ తాగి, పేపరు చదివి ఆరింటికి స్నానానికి వెళ్ళండి. రెండు నెలలకి ఇన్నని యూనిట్లు ఉచితంగా ఇస్తున్న ప్రభుత్వాన్ని నిరాశపరచకూడదు. మధ్యాహ్నం రెండింటికైతే మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్ళు వాటంతటవే కాగి ఉంటాయి. ఏం లాభం? మార్గళి నెలలో తెల్లారకముందే స్నానమని పక్క ఊరి శ్రీవిల్లిపుత్తూరు పిల్ల ఆండాళ్ ఏనాడో ముహూర్తం పెట్టేసింది. తిరుప్పావై ముప్పై పాశురాలూ లౌడ్‌స్పీకర్లో అయిపోయేలోగా నీళ్ళు పోసుకోవాలి. ఆమె కథనే ఆముక్తమాల్యదగా రాసిన కృష్ణరాయలు ఎండల్నీ వానల్నీ తనివితీరా వర్ణించాడు. గీజర్ గురించి సలహా ఏమీ ఇవ్వలేదు.

ఆ వేళకి మదురై నుంచి తెన్‌కాశి వైపు వెళ్ళే రోడ్డు మీదికి రాకండి. శబరిమల వెళ్ళే స్వాములు నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా, చన్నీళ్ళు పోసుకున్న తడితలలతో టీకొట్ల దగ్గర నవ్వుకుంటూ కనిపిస్తారు. వాళ్ళలో మన ఆంధ్రా స్వాములూ ఉంటారు. చలికి పేరుపడ్డ లంబసింగి వైపు నుంచి వచ్చినవాడు ఒక్కడున్నా మన మఫ్లరు పరువు పోతుంది.

బాగా చలేస్తే స్పిన్నింగ్ మిల్లులో నైట్ షిఫ్టు వేయించుకోండి. దారం తెగకుండా అక్కడ గాలికి తేమ పట్టిస్తారు, రింగ్ ఫ్రేముల మోటార్లు రాత్రంతా తిరుగుతాయి, పుష్యమాసంలోనూ వీపు తడుస్తుంది. షిఫ్టు దిగాక చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఈ ఊళ్ళో కరువా? పక్కన సత్రపట్టిలో దేశానికి సరిపడా బ్యాండేజీ గుడ్డ నేస్తారు.

మీ ఇంట్లో రాజపాళయం కుక్క ఉంటే దానికి స్వెట్టర్ తొడగకండి. 2005లో తపాలా బిళ్ళ మీదికి ఎక్కిన జాతి అది, ఒంటిమీద పొట్టి తెల్లబొచ్చు తప్ప ఏమీ లేకుండానే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఊళ్ళో ఉండేవాళ్ళకి. కొండ అడుగున మామిడితోట ఉన్నవాళ్ళు వీటిని తిరగేసి చదువుకోవాలి. ఎందుకంటే ఈ ఊళ్ళో చలి నిజంగా అక్కరకొచ్చేది మామిడిచెట్టు ఒక్కదానికే. పడమటి కొండల మీంచి రాత్రిపూట చల్లగాలి దిగి కొన్ని వారాలపాటు కొమ్మల చివర్లని తాకితే మొగ్గ పూతగా విచ్చుకుంటుంది. రాత్రులు వెచ్చగా ఉంటే అదే మొగ్గ రాగిరంగు చిగురై ఊరుకుంటుంది. చిగురు చూడముచ్చటగా ఉంటుంది, అమ్మకానికి పనికిరాదు. సప్పట్టై, పంచవర్ణం మామిడిపళ్ళకి పేరుపడ్డ ఊళ్ళో పంట కథ ఇలా మార్గళి రాత్రుల చేతిలో ఉంది. చలిని నమ్మలేనివాళ్ళు కల్టార్ మందు పోసి పూత రప్పించుకుంటారు. వచ్చిన పూత మీద మంచు మితిమీరితే బూడిద తెగులు, తేనెమంచు పురుగు. అంటే చల్లబడాలి గాని తడవకూడదు, ఎండ కాయాలి గాని రాత్రికి గుర్తుండకూడదు. ఇంత పేచీ పెట్టే అతిథి మన ఇంటికొస్తే ఒక పూటకే పంపించేస్తాం.

కాబట్టి తోట యజమానులు రాత్రి కిటికీలు తెరిచి పడుకోవాలి. గదిలో కాస్త వణుకు పుడితే అది లాభంలో జమ. తెల్లారి తోటకి వెళ్ళి కొమ్మలు చూసుకుని, శాలువా బిగించి ముక్కు చీదుతూ, “ఈ ఏడు చలే లేదండీ” అని నిట్టూర్చాలి. అప్పటికే పూత చూసి తోట గుత్తకి మాట్లాడుకుందామని వ్యాపారి వచ్చి ఉంటాడు. చిగురెక్కువగా ఉందని అతను, వెనక కొమ్మల్లో పూత దాగుందని మీరు. ఆ బేరం తెగేదాకా మంకీ క్యాప్ తీయకండి. ముఖంలో ఏముందో అతనికి కనబడకూడదు. అతనూ అందుకే పెట్టుకొచ్చాడు.