అన్నీ ఉన్నాయి, ఆర్సీ ఒక్కటే లేదు

సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలు వింటుంటే, మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కార్లు నడిపేది డాక్టర్లూ, సార్లూ, ఆదివారం పూట వేములవాడకు మాత్రమే పోయే పెద్దమనుషులూ తప్ప ఇంకెవరూ కారనిపిస్తుంది. సింగిల్ హ్యాండ్. షోరూం కండిషన్. ఇంజన్ మీద చెయ్యి వెయ్యలే. టైర్లు ఎనభై శాతం. ఏసీ పెడితే చలిజ్వరమే. ఇన్ని గుణగణాలు వర్ణించాక, పెళ్లిచూపుల్లో పిల్లగాడి మీదున్న పాత కేసు ముచ్చట చెప్పినట్టు, గొంతు తగ్గించి ఒక మాట: ‘ఆర్సీ ఒక్కటి యాడనో మిస్సయిందన్నా. ఏం ఫికర్ జెయ్యకు.’

ఈ ఆర్సీలు పోయే తీరు మీద ఎవరైనా పరిశోధన చేసి డాక్టరేట్ పుచ్చుకోవచ్చు. పదో తరగతి మెమోకు లామినేషన్ చేయించిన ఇల్లది. తాతల నాటి పహాణీ నకలు బీరువాలో పట్టుచీరల అడుగున భద్రంగా ఉంటుంది. గ్యాస్ బుక్కుకు కూడా ప్లాస్టిక్ కవరు. ఆ ఇంట్లో ఏ కాయితమూ పోదు, ఆర్సీ ఒక్కటే పోతుంది. పోనీ బండి నడిపినన్నాళ్లు పోతుందా అంటే, పోదు. కొనేటాయన వచ్చిన రోజు పొద్దున్నే పోతుంది.

నిజానికి ‘పోయిన’ ఆర్సీల్లో చాలావాటి అడ్రసు అమ్మేవాడికి బాగా తెలుసు. కొన్ని, ప్రైవేటు ఫైనాన్సు వాళ్ల సొరుగులో, రెండో తాళంచెవికి జోడీగా కూర్చుని ఉంటాయి. కిస్తీలు ఆగిపోయి చాన్నాళ్లయింది. అమ్మేటాయన డబ్బులు తీసుకుని కట్టేస్తానంటాడు, కొనేటాయన కట్టేశాక డబ్బులిస్తానంటాడు, మధ్యలో బ్రోకర్ ఇద్దరినీ నమ్మమంటాడు. ఆర్సీ మీద ఫైనాన్సు ఎక్కిన బండిని వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఇంకొకరి పేరు మీదకు మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ చెబుతుంది. అప్పు తీరిందని ఫారం 35 మీద వాళ్ల సంతకం పడాలి. బ్రోకర్‌కు ఆ సెక్షన్ తెలియదని కాదు. తెలిసే, ‘తర్వాత సూస్కుందం’ అంటాడు.

జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళితే ఇంకో రకం. ఆర్సీలో పేరున్న ఓనరు దుబాయిలోనో బహ్రెయిన్‌లోనో ఉంటాడు. బండి ఇక్కడ బామ్మర్ది చేతిలో. ఫారం 29, ఫారం 30 మీద సంతకం ఎవరు పెడతారని అడగండి. ‘బామ్మర్ది పెడ్తడు, అచ్చం బావ లెక్కనే ఉంటది’ అని గర్వంగా చెబుతారు. ఫోర్జరీ మన దగ్గర కుటుంబంలో దాగిన ప్రతిభ, ఎవరూ గుర్తించరు పాపం. ఇక కొందరు ఓనర్లు దుబాయి కంటే దూరం పోయారు. అలాంటప్పుడు వారసులు ఫారం 31తో బండిని ముందు తమ పేరు మీదకు మార్చుకోవాలి. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురూ ఒక్క మాట మీదకు రావాలి. దానికంటే కాలం చేసినాయన చేత ఓ సంతకం పెట్టించడమే తేలిక!

ఆదిలాబాద్ సంగతి వేరు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. పాండర్‌కవడ నుంచో, కిన్వట్ నుంచో ఓ ఎంహెచ్ బండి చవగ్గా వస్తుంది. ‘ఎన్ఓసీ వస్తది’ అంటారు. ఎన్ఓసీ రాదు, ఏళ్లు మాత్రం వస్తాయి, పోతాయి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. ఆ బండ్లను అడిగితే, పన్నెండో నెల ఇంకా నిండలేదంటాయి. జిల్లాలు విడిపోయి ఆదిలాబాద్ ఒక్కటి నాలుగయింది, ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆ ఎంహెచ్ ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు.

సరే, ఆర్సీ నిజంగానే పోయిందనుకుందాం. మనుషులం, పోగొట్టుకుంటాం, ఎలకలు కొడతాయి. దానికి మందు కూడా చట్టంలోనే ఉంది. పోయిందని పోలీసులకు చెప్పి కాయితం తెచ్చుకోవాలి, ఫారం 26 నింపాలి, ఫైనాన్సు ఉంటే వాళ్ల ఒప్పుకోలు జత చేయాలి, డూప్లికేట్ తీసుకోవాలి. కేంద్ర నిబంధనల్లో కారుకు దాని ఫీజు 300 రూపాయలు. స్మార్ట్ కార్డు, సర్వీసు ఛార్జీలు కలిపినా, బండి టాపు మీద వేసిన కొత్త స్టిక్కరింగు ఖర్చంత ఉండదు. కరీంనగర్ వాళ్లయితే తిమ్మాపూర్ దాకా పోయి రావాలి, అంతే.

‘అంత తేలికైతే అన్నా, నువ్వే డూప్లికేట్ తీసి, తర్వాత అమ్మరాదే?’ అని అడిగి చూడండి. అప్పుడే ఆయనకు అర్జెంటు పని గుర్తొస్తుంది. పొద్దటి నుంచి ఛాయ్ మీద ఛాయ్ తాగుతూ ఆ బండి మైలేజీ గురించి చెప్పిన మనిషికి, ఒక ఫారం నింపే తీరిక లేదు. లక్షల బేరంలో 300 రూపాయల దగ్గర చెయ్యి వణికిందంటే, వణికేది 300 గురించి కాదు.

అప్పుడు రంగంలోకి దిగుతుంది మన బ్రహ్మాస్త్రం, వంద రూపాయల బాండు పేపరు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ ముద్ర. ‘ఈ రోజు ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాల నుండి ఈ వాహనంతో జరుగు సకల ప్రమాదములకు, కేసులకు కొనుగోలుదారుడే బాధ్యుడు’ అని ఒక వాక్యం. ఆ ఇరవై నిమిషాల దగ్గర చూపే నిక్కచ్చితనం ఆర్సీ దగ్గర చూపితే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. భూమిని తెల్లకాయితం మీద అమ్ముకున్న జాతి మనది. ఆ తెల్లకాయితపు ఒప్పందాలను, అంటే సాదాబైనామాలను, సక్రమం చేస్తామని 2020లో సర్కారు దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చి పడ్డాయి. కోర్టుల చుట్టూ తిరిగి, 2025లో భూభారతి చట్టం వచ్చేదాకా వాటికి దారి కనిపించలేదు. అయినా భూమి నయం. తెల్లకాయితం మీద అమ్మిన చెలక ఉన్నచోటే ఉంటుంది, రాత్రిపూట లేచి నాందేడ్ రోడ్డు మీద ఎవరినీ గుద్దదు. కారుకు సాదాబైనామా రాసినవాడు మాత్రం, గుద్దే అవకాశాన్ని కూడా తన పేరు మీదే ఉంచుకుంటాడు.

చట్టం మాట సూటిగానే ఉంది. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాడే ఓనరు. అమ్మినవాడు, అదే రాష్ట్రంలోనైతే, 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటుంది. 2007లో అమ్మిన కారు ఒకరి నుంచి ఒకరికి పోయింది, పేరు మాత్రం మారలేదు. 2009లో ప్రమాదం. పరిహారం కట్టాల్సింది ఎవరంటే, రిజిస్టర్‌లో పేరున్న మొట్టమొదటి పెద్దమనిషే అంది కోర్టు. 2025 నవంబర్‌లో ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారూ చేతులు మారుతూ వచ్చిందే. పోలీసులు ముందుగా పట్టుకుని అడిగింది రికార్డులో పేరున్న గురుగ్రామ్ పాత ఓనరునే. ఆయన దగ్గర కూడా ఏదో కాయితం ఉండే ఉంటుంది.

కాబట్టి ‘పీడ పోయింది’ అని డబ్బులు లెక్కబెట్టుకునే అమ్మకందారుకు ఒక శుభవార్త. పీడ పోలేదు. ఎవరో ఆ కారులో సీటుబెల్టు లేకుండా తిరిగితే చలానా మీ ఫోనుకే వస్తుంది. దసరాకు చీరల మీద రిబేటు కోసం చూసినట్టు, చలానాల డిస్కౌంటు ఎప్పుడొస్తుందా అని మీరే చూడాలి. 2023 డిసెంబరులో కార్లకు 60 శాతం తగ్గించారు, మళ్లీ ఎప్పుడో! ఇంకో కానుక కూడా ఉంది. మీరు కొత్త కారు కొంటే అది మీ ‘రెండో బండి’ అవుతుంది, జీవితకాల పన్నుకు తోడు బండి ధరలో ఇంకో 2 శాతం పడుతుంది. మొదటిది ఎక్కడుందో మీకే తెలియదు, పన్ను లెక్కకు మాత్రం అది మీ వాకిట్లోనే ఉంది.

2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని కేంద్రం నిబంధన తెచ్చింది. బండి డీలరుకు అప్పజెప్పినట్టు ఫారం 29సీ మీద తెలిపితే, అమ్ముడయ్యేదాకా బాధ్యత డీలరుదే. చక్కటి నిబంధన. రోడ్డు పక్క ఖాళీ ప్లాటులో పది కార్లు నిలబెట్టి, పందిరి కింద కుర్చీ వేసుకున్న అన్నను ఆ అనుమతి పత్రం చూపించమని అడగండి. అది కూడా ఈ మధ్యనే యాడనో మిస్సయి ఉంటుంది.

కొనేవాళ్లకు నా దగ్గర ఒక్క ఉపాయం ఉంది. బేరం కుదిరాక, తాళంచెవి చేతికి తీసుకుని, నిదానంగా చెప్పండి: ‘అన్నా, పైసలు మొత్తం ఉన్నయి. ఏటీఎం కార్డు ఒక్కటి యాడనో మిస్సయింది. ఏం ఫికర్ జెయ్యకు, బాండు పేపర్ మీద రాసిస్త.’ ఆర్సీ ఎంత తొందరగా దొరుకుతుందో చూడండి.