బీరువా వైపు

గిరిప్రదక్షిణ ఇంకో రెండు రోజులుందనగా అడవివరం వీధుల్లో పోలీసు జీపు మైకుతో తిరిగింది.

ఆషాఢ చతుర్దశి నాడు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. తెల్లవారితే పౌర్ణమి, అప్పన్న దర్శనం. ఆ రాత్రి సగం ఇళ్ళకు తాళాలే. ఆ సంగతి భక్తులకెంత తెలుసో దొంగలకీ అంతే తెలుసు.

నగలు ఇంట్లో ఉంచకండి, బ్యాంకు లాకర్లో పెట్టుకోండి. తాళంచెవి పూలకుండీ కింద దాచకండి. నడక ఫొటోలు తిరిగొచ్చాకే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోండి. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు ముందుగా చెబితే ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా) కింద కెమెరా పెడతాం, పైసా ఇవ్వక్కర్లేదు. జీపు చెప్పిన నాలుగు ముక్కలూ ఇవి.

ఆ వీధిలో స్టేషను దాకా వెళ్ళింది ఒక్క పెద్దాయనే. పోర్టులో చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. కొడుకులిద్దరూ ఇదే నగరంలో, ఒకడు గాజువాకలో, ఒకడు మధురవాడలో. ప్రదక్షిణ, దర్శనం అయ్యాక గోపాలపట్నంలో చెల్లెలింట్లో రెండు రోజులుండి వస్తానని రాసిచ్చాడు.

మర్నాడు కానిస్టేబుల్ కెమెరా పట్టుకొచ్చాడు. ఎదురుగా మనిషి కదిలితే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుందని చెప్పాడు. ముందు గదిలో గుమ్మానికి ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

"అక్కడొద్దు బాబూ. లోపలి గదిలో, బీరువా వైపు పెట్టు."

"దొంగ వచ్చేది గుమ్మంలోంచి కదా బాబాయ్? కాలు పెట్టగానే పట్టేద్దాం."

"రావడం కాదు, తీయడం కనపడాలి."

కానిస్టేబుల్ స్టూలు లోపలికి మోశాడు. బీరువా పాత గోద్రెజ్. హ్యాండిల్ దగ్గర రంగు పోయి ఇనుము తేలింది. లోపల ఏముందని అడిగాడు.

"మా ఆవిడ పుస్తెలతాడు. ఇంటి కాగితాలు."

అడవివరం పంచగ్రామాల్లో ఒకటి. దేవస్థానం భూముల తగాదా దశాబ్దాలుగా నలుగుతున్న చోట పాత కాగితం ముక్క కూడా పారేయరు.

"లాకర్లో పెట్టేసుకోవచ్చుగా?"

"లాకరంటే నామినీ పేరు రాయమంటారు బాబూ."

కానిస్టేబుల్‌కి ఇంకా మూడిళ్ళున్నాయి. కెమెరా బిగించాడు. పెద్దాయన వెళ్ళి బీరువా ముందు నిలబడి హ్యాండిల్ మీద చెయ్యేశాడు.

"ఇప్పుడు ఏం కనపడుతోంది?"

"మీ వీపు."

"పక్కకి జరుపు. మొహం కనపడాలి."

రెండుసార్లు జరిపాక మొహం కనపడింది.

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి బాబాయ్?"

"మూడు జతలు. ఒకటి నా దగ్గర. పిల్లల దగ్గర చెరొకటి."

"అయితే వాళ్ళకి కెమెరా సంగతి చెప్పండి. తెలీక వస్తే అలారం మోగేస్తుంది. అర్ధరాత్రి మేం పరిగెత్తుకు రావాలి."

"వాళ్ళెందుకొస్తారు బాబూ? పండక్కే రారు."

ఆ సాయంత్రం పెద్దాయన కొడుకులిద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాడు. కొండ చుట్టూ నడుస్తున్నానని, మూడు రోజుల దాకా ఇంటికి రానని చెప్పాడు. జాగ్రత్త నాన్నా అన్నారిద్దరూ.

చతుర్దశి నాడు కొబ్బరికాయ కొట్టి జనంలో కలిశాడు. ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్ దాటాడు. సీతమ్మధార దగ్గర వాన పడింది. మాధవధార చేరేసరికి ఒంటిగంట దాటింది. ఎవరో మజ్జిగ ఇస్తుంటే గ్లాసు అందుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది.

"బాబాయ్, స్టేషన్ నుంచి. మీ ఇంట్లో అలారం మోగితే వచ్చాం. మీరేం కంగారు పడకండి, దొంగ కాదు. తాళం పగల్లేదు, చెవితోనే తీశాడు. బీరువాలో ఏవో కాగితాలు కావాల్సొచ్చి వచ్చాడట. మీ అబ్బాయినంటున్నాడు."

పెద్దాయన మజ్జిగ తాగి గ్లాసు తిరిగిచ్చేశాడు.

"పెద్దాడా, చిన్నాడా?"