ఆరు సెంటీమీటర్లు

టైలరు టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మగాడెవడైనా ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. మిగిలినవాళ్లం మనం మనం మాట్లాడుకుందాం.

యాభై రెండేళ్ల వయసులో నాకు మౌంటెన్ బైక్ పిచ్చి పట్టింది. ఉండేది సీతాఫల్‌మండి. నేను రోజూ ఎక్కే కొండ మా రెండో అంతస్తు. దగ్గర్లో గుట్టంటే మౌలాలీ, దానికేమో మెట్లున్నాయి. అసలైన కొండదారి కావాలంటే వికారాబాద్ అవతల అనంతగిరి దాకా పోవాలి. అయినా సరే, షాపులో దొరికేది ఎవడైనా కొంటాడు, నా ఒంటికి తగ్గట్టు చేయించుకోవాలనుకున్నాను.

ఈ పురుగు నా బుర్రలోకి దూర్చింది జో బ్రీజ్ అనే అమెరికా ఆయన. కొండదారుల కోసమే 1977లో తన చేత్తో ఓ ఫ్రేము తయారుచేసుకున్నాడు. అంతకుముందు ఆయనా, స్నేహితులూ పాత బండ సైకిళ్లమీద కాలిఫోర్నియాలో ఓ మట్టిబాట దిగేవాళ్లు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 400 మీటర్ల దిగుడు. కిందికొచ్చేసరికి వెనక హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేదట. మళ్లీ గ్రీజు కూరితే గానీ బండి పనికొచ్చేది కాదు గనక ఆ బాటకి 'రీప్యాక్' అని పేరు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర లేదు. నా బ్రేకుల్లోంచీ పొగ రావాలి! "మెట్టుగూడలో పీల్చే పొగ చాలట్లేదా?" అంది మా ఆవిడ.

వేరే ఊళ్లో ఫ్రేములు చేసే ఒకాయన దొరికాడు. పేరు చెప్పను, పాపం ఆయన తప్పేమీ లేదు. "చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడి, కాళ్ల మధ్య లావుపాటి పుస్తకం పైకి బిగించి, దాని పైఅంచు నుంచి నేల దాకా కొలవండి సార్. ఆ అంకెను 0.883తో గుణిస్తే మీ సీటు ఎత్తు" అన్నాడు. ఇంట్లో లావుపాటి పుస్తకం శబ్దరత్నాకరం ఒక్కటే. సీతారామాచార్యుల వారికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని బిగించాను. మా ఆవిడ టేపు పట్టి చదివింది: 76 సెంటీమీటర్లు.

76! అంటే స్కూలు పిల్లల స్కేళ్లు రెండున్నర. ఇంతేనా నేను?

వాట్సాప్‌లో 82 అని కొట్టాను. కాళ్లొక్కటే పెరిగితే అనుమానం వస్తుందని ఎత్తు కూడా రెండంగుళాలు పెంచాను. పెంచుతున్న చేత్తోనే బరువు పదమూడు కిలోలు తగ్గించాను. "వారానికి ఎంత తొక్కుతారు?" అంటే "ఓ వంద కిలోమీటర్లు" అన్నాను. అప్పటికి మా ఇంట్లో సైకిలే లేదు. ఆయన మళ్లీ ఫోన్ చేసి "82 కరెక్టేనా సార్? ఇంకోసారి చూస్తారా?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. నా కాళ్లు నాకు తెలియవా!

ఎంతయిందని అడక్కండి. ఇంట్లో చెప్పింది అందులో మూడో వంతు.

నాలుగు నెలలకి వచ్చింది. క్రోమోలీ ఉక్కు గొట్టాలు, 29 అంగుళాల చక్రాలు. అన్నిటికంటే తేలిక గేరులో పెడలు పూర్తి చుట్టు తిప్పినా చక్రం ముప్పావు చుట్టు కూడా తిరగదు. నిట్టనిలువు ఎక్కుళ్ల కోసం అన్నమాట. ఆ గేరులో కూరగాయల మార్కెట్ మీదుగా వెళ్తుంటే, కొత్తిమీర కట్ట పట్టుకున్న ఓ పెద్దావిడ నన్ను దాటి వెళ్లిపోయింది.

అదొక్కటే అయితే బాగుండు. సీటు అడుగంటా దించినా నా బొటనవేలు నేలకి అందలేదు. పోనీ సీటు ముందుకి దిగి నిలబడదామంటే అడ్డగొట్టం. అది ఎక్కడ తగులుతుందో వివరించక్కర్లేదనుకుంటాను. మనుషులకి అబద్ధం చెబితే మొహమాటానికైనా సర్దుకుంటారు. ఉక్కు సర్దుకోదు. 82 అన్నాను, అది 82కే నిలబడింది. దాంతో ఎక్కడానికి అరుగు, ఆగడానికి ఫుట్‌పాత్ కావలసి వచ్చాయి. మా ఇంటి నుంచి లాలాగూడ దాకా ఎత్తైన గట్టు ఎక్కడెక్కడుందో నాకు కంఠతా వచ్చేసింది.

ఆ ఆదివారం మౌలాలీ బయల్దేరాను. మెట్టుగూడ సిగ్నల్ ఎర్రగా పడింది. చుట్టూ చూస్తే ఆనుకోవడానికి గట్టు లేదు, ఎడంపక్క ఆటో ఉంది. స్టైలుగా దాని టాపు మీద చెయ్యి వేసి, సైకిలు మీంచి దిగకుండా, విజయగర్వంతో అటూ ఇటూ చూశాను. డ్రైవర్ తల బయటపెట్టి "అంకుల్, ఎక్కుతవా?" అన్నాడు. లేదని నవ్వాను. నేను నవ్వుతుండగానే పచ్చలైటు పడింది, ఆటో కదిలింది, చెయ్యి తీద్దామంటే పడిపోతాను, తీయకపోతే దానితో పోతాను, రెండు బారలు పోయాను కూడా, వాడు "ఏయ్, ఇడువ్!" అన్నాడు, ఇడిచాను, కాలు చాపాను, నేల కోసం వెతికాను, ఉండాల్సిన చోట నేల లేదు, సరిగ్గా ఆరు సెంటీమీటర్ల కింద ఉంది!

సిటీ బస్సు కిటికీలన్నీ నావైపే తిరిగాయి. వెనక చక్రం ఒక్కటే టిక్ టిక్ టిక్‌మని ఆకాశంలో తిరుగుతోంది. పాత అట్లాస్ సైకిలుకి రెండువైపులా పాల క్యాన్లు వేలాడేసుకున్న ఒకాయన, కాలు హాయిగా నేలమీద ఆనించి స్టాండ్ వేసి, వచ్చి నన్ను లేపాడు. మోచెయ్యి దులిపాడు. సైకిల్ని కిందినుంచి పైకి, తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు: "సార్, ఇది మీ కొడుకుదా?"

"అవును, మావాడిదే" అన్నాను. నాకు ఇద్దరూ ఆడపిల్లలే.

బోనాలకి మా బావమరిది వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తున్న సైకిల్ని చూసి కిందికి దింపాడు, ఎక్కాడు. "బావా, నాకు కొలిచి కుట్టించినట్టుందే!" అంటూ మౌలాలీ గుట్ట కింద మట్టిలో దుమ్ము లేపాడు. వెనకాల ఆటోలో వెళ్లిన నేను వీపువైపు నుంచి ఒక ఫోటో తీశాను. హెల్మెట్ ఉంది, మొహం కనపడదు. ఫ్రేము చేసినాయన ఎప్పట్నుంచో "ఫోటో పెట్టండి సార్" అని అడుగుతున్నాడు. పంపాను.

నిమిషంలో జవాబు వచ్చింది: "సూపర్ సార్, కాళ్లు భలే కుదిరాయి. ఆరోజు మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను, ఏమనుకోకండి."

ఏమీ అనుకోలేదని ఓ నమస్కారం బొమ్మ పెట్టాను.